సకినమంత చుట్టు: ఛత్రినాకలో జనరేటర్ ఆగిన రోజు

మా ఇంటి తలుపు కింద నుంచి ఎవరో ఒక రంగు కాగితం లోపలికి తోసి వెళ్లారు. "ఫైబర్ ఇంటర్నెట్ పెట్టించుకోండి, పర్యావరణాన్ని కాపాడండి" అని రాసి, పక్కన ఒక పచ్చటి ఆకు బొమ్మ వేశారు. నాకు ఒళ్లు మండింది. ప్రభుత్వ కార్యాలయంలో ఏళ్ల తరబడి ఫైళ్లు చదువుతున్నదాన్ని. ఆకు బొమ్మ వేసిన ప్రతి కాగితాన్నీ నమ్మేస్తే నా ఉద్యోగం ఎప్పుడో ఊడేది. ఇంటర్నెట్‌కీ చెట్టుకీ ఏం సంబంధమని గొణుక్కుంటూ దాన్ని ఉల్లిపాయల బుట్ట అడుగున పరిచాను. ఆ సాయంత్రమే ఛత్రినాక నుంచి యాదగిరి అన్నయ్య ఫోన్ చేశాడు. "చెల్లే, శనివారం జనరేటర్ బంద్ పెడుతున్న. మీ వదినెను నువ్వే తోల్కరావాలె. నేను పోతే లైన్ కాడ ఎవరుంటరు?" అన్నాడు.

యాదగిరి అన్నయ్య ఎవరో చెప్పాలి. పన్నెండేళ్ల క్రితం కాకినాడ నుంచి బదిలీ మీద హైదరాబాద్ వచ్చినప్పుడు ఛత్రినాకలో ఆయన మేడ మీది గదిలో అద్దెకు దిగాను. ఆయన ఆ సందులకి కేబుల్ టీవీ, తర్వాత ఇంటర్నెట్ ఇచ్చే ఆపరేటర్. కింద ఒక గదిలో మిషన్లు, వాటిని చల్లబరచడానికి ఏసీ, ఆ గది పక్కన సందు వైపు, సరిగ్గా వంటింటి కిటికీ కింద డీజిల్ జనరేటర్. కరెంటు పోతే అది దడదడమని మొదలయ్యేది. నాకు ఉప్మా చేయడం దగ్గర నుంచి ఇంటి ఓనరుతో గొడవపడటం దాకా నేర్పింది ఆయన భార్య భారతమ్మ వదిన. ఆ ఓనరు వాళ్లాయనే! అలాంటి మనిషికి రెండేళ్లుగా ఉబ్బసం. డాక్టరు ఒకటే మాట చెప్పాడట: ఆ పొగైనా ఆగాలి, ఆవిడైనా ఆ ఇల్లు వదలాలి. సందులో జనరేటర్ మార్చడానికి వేరే జాగా లేదు. దాంతో వదిన మూడు నెలల నుంచి కిషన్‌బాగ్‌లో చెల్లెలింట్లో ఉంటోంది. ఈ శనివారం పాత తీగల బదులు ఫైబర్ మీద లైను నిలబడితే జనరేటర్ అవసరం తీరిపోతుంది, వదిన ఇంటికొస్తుంది. నిలబడకపోతే మళ్లీ కిషన్‌బాగే. అందుకే బయలుదేరాను. ఆకు బొమ్మ సంగతి కూడా తేలిపోతుందని లోపల చిన్న కుళ్లు కూడా ఉంది, దాచడం దేనికి!

మలక్‌పేటలో ఉదయం తొమ్మిదీ పదికి సిటీ ఆర్డినరీ బస్సు ఎక్కాను. ఆడవాళ్లకి జీరో టికెట్, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. ఇరవై ఐదు నిమిషాల్లో అఫ్జల్‌గంజ్. అక్కడి నుంచి నయాపూల్ మీదుగా నడుచుకుంటూ పత్తర్‌గట్టికి వచ్చాను. వదిన ఒక పని అప్పజెప్పింది, పిండితో సకినాలు చుట్టి పరవడానికి రెండు మీటర్ల తెల్లటి మల్లు గుడ్డ తెమ్మని. తీరా వెళ్తే కొట్లన్నీ మూసి ఉన్నాయి. పక్కనే దోసెల బండి దగ్గర నిలబడి ఎప్పుడు తెరుస్తారని అడిగితే, పెనం మీద వెన్న రుద్దుతూ ఆయన, "సేట్ సాబ్ సాడే దస్ కో ఆతే అమ్మా. ఆరామ్ సే ఖావో" అన్నాడు. పదిన్నర దాకా ఆరామ్‌గానే తిన్నాను. వెన్న దోసె యాభై రూపాయలు. తింటూ తలెత్తి చూస్తే రాతి కమానుల ముందు నల్లటి తీగలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. ఏది పనిచేస్తోందో, ఏది ఎప్పుడో చచ్చిపోయిందో ఎవరికీ తెలిసేలా లేదు.

బట్టల కొట్టు పెద్దాయన తాతల నాటి నుంచి అక్కడే వ్యాపారం చేస్తున్న కుటుంబంవాడు. గుడ్డ దేనికని అడిగాడు. సకినాలకండి అన్నాను. కళ్లద్దాలు పైకి తోసుకుని, "మీ మాట జూస్తే ఆంధ్రా. సకినాలెప్పుడు నేర్చిన్రు తల్లీ?" అన్నాడు. "నేర్చుకోలేదండి, చుట్టేవాళ్లకి పట్టుకెళ్తున్నాను" అని ఒప్పేసుకున్నాను. "గట్ల చెప్పున్రి. గంజి లేని గుడ్డ ఇస్తా, పిండి అంటుకోదు" అని లోపలి బీరువాలోంచి తీశాడు. మీటరు తొంభై. నేను కొలవమని అడగకుండానే ఒక జానెడు ఎక్కువ చింపాడు.

చార్మినార్ దగ్గర ఆటో ఎక్కాను. డ్రైవర్ ఖలీల్ భాయ్ నూట ముప్పైకి ఒప్పుకున్నాడు. హుస్సేనీ ఆలం, బహదూర్‌పురా మీదుగా కిషన్‌బాగ్‌కి అరగంట పైనే పట్టింది. ఎందుకు వెళ్తున్నానో దారిలో చెప్పాను. నాకు కడుపులో మాట ఆగదు. అంతా విని, "మా అమ్మీకి కూడా దమ్ము, అదే ఉబ్బసం, ఉండే మేడమ్. పొగ తగిల్తే మస్తు పరేషాన్ అయితుండె" అని, ముందు పొగ కక్కుతున్న లారీని తప్పించి పక్క సందులోంచి పోనిచ్చాడు. దిగేటప్పుడు ఒంటిగంటకి మళ్లీ రమ్మని ఆయన్నే అడిగాను.

వదిన చెల్లెలు లక్ష్మి ఇంట్లో ముందు గదంతా చాప, చాప మీద గుడ్డ, గుడ్డ మీద వరసగా సకినాలు. ఆవిడ ఇంట్లోనే పిండివంటలు చేసి అమ్ముతుంది. "అక్కను పొయ్యి దిక్కు రానియ్య. సుట్టుడే ఆమె పని" అంది లక్ష్మి నన్ను చూడగానే, నేరం మోపుతానేమోనని ముందే చెప్పినట్టు. వదిన కొంచెం చిక్కింది. కానీ చెయ్యి అదే చెయ్యి. నువ్వులు, వాము కలిపిన బియ్యప్పిండి ముద్ద పిడికిట్లో ఉంటుంది, బొటనవేలు మెలి తిప్పుతుంటే పిండి సన్నటి తాడులా జారి గుండ్రంగా ఒక చుట్టు, దాని చుట్టూ ఇంకో చుట్టు. ఎక్కడా బిగింపు లేదు, ఎక్కడా తెగడం లేదు. నేనూ ఒకటి ప్రయత్నించాను. ముక్కలు ముక్కలైంది. "నువ్వు గుంజుతున్నవ్ చెల్లే. గుంజొద్దు, ఇడిసిపెట్టు. దాని తొవ్వల అది పోతది" అంది వదిన. లక్ష్మి నా సకినాన్ని ఎవరికీ కనబడకుండా మళ్లీ పిండిలో కలిపేసింది.

భోజనానికి జొన్నరొట్టె, పచ్చిపులుసు, టమాటా తొక్కు. తింటూ గోడవార ఉన్న రెగ్జిన్ సంచి చూశాను. మూతి చుట్టూ నైలాన్ తాడు, దాని మీద రాయిలాంటి ముడి. సంచి పక్క మాత్రం కత్తెరతో కోసి ఉంది. అడిగితే వదిన నవ్వింది. "మీ అన్న ఏసిన ముడి. నేనొచ్చేనాడు సామాన్ పడిపోతదని కట్టిండు. మూడు నెలలాయె, ఇప్పలేక పక్కకెళ్లి కోసిన. ఆయన ముడి ఏస్తే కత్తెరొక్కటే దిక్కు." నవ్వుతూనే ఆ ముడిని వేలితో తడిమింది. ఆవిడ ఎంతగా ఇంటికి వెళ్లాలనుకుంటోందో నాకు ఆ వేలు చూస్తే తెలిసింది. తలొంచుకుని ఇంకో రొట్టె వేయించుకున్నాను.

ఒంటిగంటకి ఖలీల్ భాయ్ చెప్పిన మాట ప్రకారం వచ్చాడు. శాలిబండ మీదుగా ఛత్రినాకకి నూట యాభై. సంచి, సకినాల డబ్బా, మేమిద్దరం. సందు మొదట్లోనే వదిన ఆటో ఆపించింది, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని గాలి పీల్చి చూసింది. పొగ వాసన లేదు. కానీ యాదగిరి అన్నయ్య ఇంటి ముందు పదిమంది గుమిగూడి ఉన్నారు. లొల్లి వినబడుతోంది. వదిన ఆటోలోంచి దిగింది గానీ సంచి దించనివ్వలేదు. "భాయ్, జర ఆగు. మల్ల వాపస్ పోవుడే అయితదేమో" అంది. ఖలీల్ భాయ్ ఇంజను ఆపేసి, "ఫికర్ మత్ కరో అమ్మా, ఎంతసేపైనా ఉంటా" అన్నాడు.

సంగతేమిటంటే, సందు మొత్తానికీ నెట్ పోయింది. ముందురోజు సాయంత్రం ఫైబర్ వేసి చూసినప్పుడు అంతా బాగానే ఉందట. పొద్దున పదింటి నుంచి ఒక్క ఇంట్లోనూ రావడం లేదు. అందరికంటే గట్టిగా మాట్లాడుతున్నది ఎదురింటి సరళ, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పే టీచరు. "అన్నా, నాలుగున్నరకు నా క్లాసున్నది. పిల్లలు ఎక్కడెక్కడో ఉంటరు. నెట్ ఉన్నదనే గదా వాళ్లు బండ్లేసుకొని ఇంతదూరం వస్తలేరు! కాకుంటే పాత లైనే పెట్టు" అంది. పాత తీగలు ఇంకా దించలేదు, కాబట్టి పాత లైను పెట్టడం పెద్ద పని కాదు. కానీ ఆ రోజు నాలుగింటికి మరమ్మతుల కోసం కరెంటు తీస్తామని కరెంటు ఆఫీసువాళ్లు ముందే చెప్పారు. పాత లైనంటే నాలుగింటికి జనరేటర్ వేయాల్సిందే. యాదగిరి అన్నయ్య సరళ వైపు చూడలేదు, దూరంగా గోడకానుకుని నిలబడ్డ వదిన వైపు చూశాడు. "మూడున్నర దాకా టైమియ్యున్రి. కాకుంటే పాతదే పెడత" అన్నాడు.

పాత పద్ధతికి జనరేటర్ ఎందుకు కావాలో అప్పుడే అడిగాను, సమయం కాకపోయినా. ఆయన స్తంభం మీది రేకు డబ్బా చూపించాడు. "పాత తీగల సిగ్నల్ పోంగ పోంగ సన్నగైతది చెల్లే. అందుకే కొంత దూరానికో డబ్బా, దాన్ని మల్ల పెంచుతది. ఆ డబ్బాలకు రాత్రింబవళ్లు కరెంటు. కరెంటు పోతే అన్నిటికీ జనరేటరే. గా మిషన్ల వేడికి నా గదిల ఏసీ ఇంకోటి. ఫైబర్‌ల నడిమిట్ల పెంచే డబ్బాలే ఉండయ్. నా కాడ వెలుగు ఏస్తే సీదా ఇంట్ల దిగుతది. నడుమ వెలుగును ఇండ్లకు సీల్చే డబ్బాకు కూడా కరెంటు వద్దు. నా కాడి చిన్న మిషన్‌కు బ్యాటరీ సాలు." ఇదంతా ఆకు బొమ్మ కాగితంలో ఎందుకు రాయలేదో నాకు అర్థం కాలేదు.

తీగలు అతికే పని చేస్తున్నది ఫైబర్ కంపెనీ పంపిన షబానా. ముప్పై ఐదేళ్లుంటాయి, బుర్ఖా మీద పనిముట్ల బెల్టు. అరుగు మీద గుడ్డ పరిచి, వెంట్రుకంత సన్నటి పోగుల్ని స్పిరిట్‌తో తుడిచి, మిషన్‌లో పెట్టి అతికి, తెగిన తునకల్ని ఒక్కటి కూడా కింద పడకుండా సీసాలో వేస్తోంది. చెప్పులు లేని కాళ్లకు గుచ్చుకుంటాయట. "బాపూ, నేను అతికిన జోడులన్నీ సహీ ఉన్నయ్. నిన్న చెక్ చేసిన. నడుమనే ఎక్కడో వెలుగు ఆగుతుంది" అంది మూడోసారి. "నడుమ ఏం గాలే బిడ్డా! నేనే పొద్దున అంతా చూసుకున్న, గాలొచ్చినా వానొచ్చినా కదలదు" అన్నాడు అన్నయ్య.

గోడ దగ్గర నుంచి వదిన తలెత్తింది. "పొద్దున ఏం చేసినవ్?"

"ఏం చేస్త? తీగ ఊగుతున్నది. నువ్వొచ్చే దినం, ఏమన్నా అయితదేమోనని గట్టిగ కట్టిన."

వదిన కొంగు సర్దుకుని స్తంభం దగ్గరికి నడిచింది. "షబానా, ఆయన ముడులు ఏడున్నయో గవి చూడు బిడ్డా. నా సంచికేసినట్టే ఏసి ఉంటడు."

ముప్పై ఏళ్లుగా అన్నయ్య తీగ కట్టేది ఒకే తీరు: కొక్కేనికి రెండు చుట్లు, ఒక రాతి ముడి. ఎంత గాలివానలోనూ ఆయన తీగ ఊడి కింద పడలేదని ఆ సందంతా చెప్పుకుంటుంది. లావుపాటి పాత తీగకి ఆ ముడి ఏమీ చేయదు. ఫైబర్‌కి అది గొంతు నొక్కడమే. షబానా ఒక చిన్న పెన్నులాంటి దాన్ని తీగ చివర పెట్టి నొక్కింది. దానిలోంచి ఎర్రటి వెలుగు తీగలోకి పోతుంది, ఎక్కడ మడత పడిందో అక్కడ బయటికి కారుతుంది. ఎండలో కనబడలేదు. అన్నయ్య నిచ్చెన ఎక్కాడు, వదిన అరుగెక్కి తన కొంగు విప్పి ముడి మీద నీడ పట్టింది. తెల్లటి తీగలోంచి, సరిగ్గా ముడి పడిన చోట, ఎర్రగా వెలిగింది. అలా మూడు చోట్ల. అన్నయ్య నిచ్చెన మీద అలాగే ఉండిపోయాడు. "నేనే ఆపిన్నా?" అన్నాడు మెల్లగా. తిట్టడానికి నోరు తెరిచిన సరళ వెళ్లి నిచ్చెన పట్టుకుంది.

ఆయనే ముడులు విప్పాడు. ఒకచోట లోపల పోగు విరిగిపోయింది, షబానా కోసి మళ్లీ అతికింది. ఇక మిగిలిన తీగని చుట్టలా చుట్టి కొక్కేనికి వదులుగా తగిలించాలి. అన్నయ్య చేతికిస్తే ఆ చెయ్యి వద్దన్నా బిగిస్తోంది. రెండుసార్లు షబానా ఆపింది. "బాపూ, ఇంత గుండ్రంగ, ఢీలాగ ఉండాలె" అని గాల్లో వేలితో గీసి చూపించింది. వదిన ముందుకొచ్చింది. "ఇటియ్యి. గది సకినమంత గదా!" అని తీగ తీసుకుంది. బొటనవేలి మీదుగా వదులుతూ ఒక చుట్టు, దాని పక్కన ఇంకో చుట్టు. కిషన్‌బాగ్‌లో పొద్దున చూసిన అదే చెయ్యి. కొక్కేనికి తగిలించిన ఆ చుట్టని చూసి షబానా, "వాహ్ అమ్మా, మా కంపెనీల జాయిన్ అవ్వు" అంది. అన్నయ్య నిచ్చెన కిందే నిలబడి, "ముప్పై ఏండ్లు పని చేసి, ఇయ్యాల నేర్చిన" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. దుమ్ము పడిందన్నాడు, పడనిచ్చాం.

మూడూ ఇరవైకి ఇళ్లలో నెట్ డబ్బాల మీద పచ్చ దీపాలు వెలిగాయి. అయినా వదిన సంచి దించనివ్వలేదు. "నాలుగు కానియ్యి" అంది. ఈలోగా సకినాల డబ్బా తెరిచి అందరికీ పంచింది, ఖలీల్ భాయ్‌కి రెండు ఎక్కువ. నాలుగింటికి కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. చెయ్యి దానంతట అదే జనరేటర్ తాడు వైపు పోబోతే అన్నయ్య రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆ ఇంట్లో మూడేళ్లున్నాను. కరెంటు పోయినప్పుడు అక్కడ అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు.

వదిన వంటింట్లోకి వెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను. జనరేటర్ వైపు కిటికీకి పొగ రాకుండా సందుల్లో గుడ్డపీలికలు కుక్కి ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే లాగి, రెక్కలు తోసింది. బిగుసుకుపోయిన రెక్కలు రెండో తోపుకి తెరుచుకున్నాయి. నాలుగున్నర అయినట్టుంది, ఇన్వర్టర్ మీద పెట్టుకున్న సరళ క్లాసు మొదలైంది. ఆవిడ గొంతు సందు దాటి స్పష్టంగా వచ్చింది, ఏదో భిన్నాల లెక్క, ఎక్కడో ఉన్న పిల్లలకి ఓపిగ్గా చెబుతోంది. వదిన కిటికీ ఊచలు పట్టుకుని విన్నది. "ఇన్నేండ్లు ఎదురింట్ల ఇంత మంచి గొంతున్నదని తెల్వనే తెల్వదు చెల్లే" అంది. తర్వాత ఒక నిండు ఊపిరి పీల్చింది, ఈల శబ్దం లేకుండా. ఊచల్లోంచే సందు వైపు చూసి, "భాయ్, సంచి తే!" అని కేక వేసింది.

ఇంటికొచ్చి ఉల్లిపాయల బుట్ట అడుగు నుంచి ఆ కాగితం తీసి మళ్లీ చదివాను. ఫైబర్ పెట్టించుకుంటే భూమి మొత్తం బాగుపడిపోతుందని నేనిప్పటికీ అనను. ఇంట్లో నెట్ డబ్బా కరెంటు తింటూనే ఉంటుంది, ఆ తీగ చేయడానికీ ఎక్కడో కొలిమి మండుతుంది. కానీ నడుమ ఉన్న డబ్బాలు, ఏసీ, డీజిల్ పోవడం నా కళ్లతో చూశాను. కొత్త తీగకి రాగి అక్కర్లేదు, వానకి తుప్పు పట్టదు. ఆ తర్వాత పాత తీగలు దించి కుప్ప పోసిన అన్నయ్య, రాగి కోసం కాల్చొద్దని, పైతొడుగు గీకి తీయాలని పాతసామాను వాళ్ల దగ్గర మాట తీసుకున్నాడు. ఆ పొగ ఇంకో వదిన ఊపిరికి తగలకూడదని ఆయన భయం. పర్యావరణం అంటే నేను ఎక్కడో మంచుకొండలు, అడవులు అనుకునేదాన్ని. అది ఒక వంటింటి కిటికీ కూడా. అది మూసి ఉందో తెరిచి ఉందో చూస్తే చాలు.

ఇక ఇంట్లో ఫైబర్ పెట్టించుకునేవాళ్లకి ఒక్క సలహా. తీగ మలుపు తిరిగే చోట మేకుకి బిగించి కట్టనివ్వకండి, ఎంత ప్రేమగా కడతామన్నా సరే. అక్కడ ఒక సకినం పెట్టి చూడండి. సకినం పట్టేంత చుట్టు ఉంటే వెలుగు దాని తోవలో అది పోతుంది.